కారు యాంటెన్నా కథ: కోళ్ళగూటి వల నుంచి ఉపగ్రహం దాకా



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. కోటల గురించీ, రాజుల గురించీ రాయగల పెద్దలు మన సంఘంలో ఉన్నారు. నేను టెలికాం శాఖ మైక్రోవేవ్ విభాగంలో 31 సంవత్సరాలు టవర్ల కిందా, టవర్ల మీదా గడిపినవాణ్ణి. నాకు కాస్తో కూస్తో తెలిసిన చరిత్ర యాంటెన్నాల చరిత్రే. అందుచేత అమెరికాలో మన పిల్లల కార్ల కప్పు మీద కనిపించే నల్లని బిళ్ళ, కొత్త కార్లలో అయితే సొరచేప రెక్క లాంటి బొడిపె, అక్కడికి ఎలా చేరిందో రాస్తున్నాను.

చూడటానికి అది అరచేతిలో ఇమిడే వస్తువు. కానీ కోట్ల డాలర్లు పోసి పైకి పంపిన ఉపగ్రహాల బాగోగులు దాని మీదే ఆధారపడ్డాయి. మన తెలుగు పాటలు కొన్నేళ్ళపాటు నేరుగా ఉపగ్రహం నుంచి మన వంటింటి రేడియోలోకి దిగి, ఆ తరవాత ఆగిపోయిన కథలో కూడా దాని పాలు ఉంది. కాబట్టి ఇది కేవలం అమెరికా ముచ్చట కాదు, మనదీ కొంత ఉంది.

రేకు కప్పు తెచ్చిన చిక్కు

కార్లో రేడియో అనేది 1930 నాటికి కొత్త వింత. ఆ సంవత్సరం చికాగోలో గాల్విన్ సోదరులు, పాల్, జోసెఫ్, 5టి71 అనే కారు రేడియోను అమ్మకానికి పెట్టారు. దానికి పెట్టిన పేరే మోటరోలా. తరవాత కాలంలో కంపెనీకే ఆ పేరు స్థిరపడింది.

అప్పటి కార్లకు కప్పంతా రేకు కాదు. చెక్క చట్రం మీద గుడ్డ పరిచి పైన పూత పూసేవారు. ఆ గుడ్డ కింద కోళ్ళగూటికి కొట్టే సన్నని తీగ వల పరిచి, దాని నుంచి ఒక వైరు రేడియోకు లాగితే అదే యాంటెన్నా. ఖర్చు తక్కువ, కంటికి కనపడదు, గాలికి ఊగదు. తయారీలోనే ఆ వల వేసిన కార్లు కూడా ఉండేవి.

ఇంతలో 1935 మోడలు కార్లకు జనరల్ మోటార్స్ వారు టరెట్ టాప్ అనే పేరుతో పూర్తి ఉక్కు కప్పు తెచ్చారు. ప్రయాణికుల ప్రాణాలకు అది మంచిదే. కానీ రేడియోకు నెత్తిన మూకుడు బోర్లించినట్లయింది. ఉక్కు కప్పు కింద తీగ వల పరిచి లాభం లేదు. తరంగం రేకును దాటి లోపలికి రాదు. అప్పుడు యాంటెన్నాను కారు పక్కన కాలు పెట్టి ఎక్కే ఫుట్‌బోర్డు కిందికి దించారు. అక్కడ బురద, నీళ్ళు, రాళ్ళ దెబ్బలు. చివరికి బయట నిలబెట్టే కమ్మీ యాంటెన్నాయే గతి అయింది.

మనం అంబాసిడర్, ఫియట్ కార్ల ముందు రెక్క మీద చూసింది ఆ కమ్మీనే. వీధి పిల్లలు లాగి లాగి వంచేసేవారు. కారు ఆపగానే డ్రైవరు దాన్ని లోపలికి నొక్కడం మనలో చాలామంది చూసే ఉంటారు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ మీద వచ్చేది. ఆ తరంగం పొడవు లెక్క కడితే సుమారు 358 మీటర్లు. అంత తరంగాన్ని మీటరు కమ్మీతో పట్టడమంటే చెరువును చెంబుతో ముంచడమే. అయినా స్టేషను బలంగా ఉండటం వల్ల సరిపోయింది. ఆ తరవాత 1969 ప్రాంతంలో జనరల్ మోటార్స్ వారే ముందు అద్దంలో సన్నని తీగలు ఇమిడ్చి యాంటెన్నాగా వాడటం మొదలుపెట్టారు. కమ్మీ విరిగే బాధ తప్పింది గాని, అందుబాటు మాత్రం స్టేషను చుట్టుపక్కలకే.

కదిలే కారుకు కదలని ఉపగ్రహం

అమెరికా దూరాల దేశం. ఊరు దాటి గంట ప్రయాణిస్తే ఎఫ్‌ఎం స్టేషను సన్నగిల్లుతుంది. దేశమంతటికీ ఒకే స్టేషను వినిపించాలంటే ఆకాశం నుంచే చేయాలన్న ఆలోచనతో 1990లో సీడీ రేడియో అనే కంపెనీ అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి దరఖాస్తు పెట్టుకుంది. దాన్ని స్థాపించినవారు మార్టిన్ రోత్‌బ్లాట్. ఏడేళ్ళు గడిచాక, 1997 ఏప్రిల్‌లో, ఎఫ్‌సీసీ రెండు లైసెన్సులను వేలం వేసింది. సీడీ రేడియో 8.33 కోట్ల డాలర్లకు ఒకటి, అమెరికన్ మొబైల్ రేడియో 8.99 కోట్ల డాలర్లకు ఒకటి పాడుకున్నాయి. మొదటిది సిరియస్ అయింది, రెండోది ఎక్స్‌ఎం అయింది.

ఇక్కడ అసలు చిక్కు ఏమిటో మన విభాగం వాళ్ళకు ఇట్టే తెలుస్తుంది. మైక్రోవేవ్ టవరు మీద డిష్షును ఎదుటి టవరు వైపు తిప్పి బిగించేటప్పుడు ఒక్క డిగ్రీ తేడా వస్తే మీటరు ముల్లు పడిపోయేది. ఎండలో గంటల తరబడి బోల్టులు తిప్పినవాళ్ళం మనం. ఇంటి మీద టీవీ డిష్షుదీ అదే కథ. మరి కారు ఊరికే ఒక దిక్కున నిలబడదు కదా! మలుపు తిరుగుతుంది, గట్టు ఎక్కుతుంది, వంతెన కింద దూరుతుంది. దాని మీద డిష్షు పెట్టి ఉపగ్రహం వైపు గురి చూడటం కుదిరే పని కాదు.

అందుచేత ఇంజనీర్లు తిరగేసి ఆలోచించారు. యాంటెన్నా ఎటూ గురి చూడక్కర్లేకుండా, వెల్లకిలా పడుకుని ఆకాశమంతటినీ ఒకేలా చూసేటట్లు చేశారు. అలాంటి యాంటెన్నాకు పట్టే శక్తి తక్కువ. ఆ లోటు తీరాలంటే ఉపగ్రహానికి బలం ఎక్కువ కావాలి. ఎక్స్‌ఎం వారు బోయింగ్ 702 రకం భారీ ఉపగ్రహాలు రెండు తీసుకున్నారు. వాటికి సరదాగా రాక్, రోల్ అని పేర్లు పెట్టారు. అవి 2001 మార్చి 18న, మే 8న సముద్రం మీది వేదిక నుంచి ఎగిరాయి. 115, 85 డిగ్రీల పశ్చిమ రేఖాంశాల మీద భూమధ్యరేఖకు పైన నిలిచాయి. సిరియస్ వారు వేరే దారి పట్టారు. 2000 సంవత్సరంలో మూడు ఉపగ్రహాలను కోడిగుడ్డు ఆకారపు కక్ష్యలో పెట్టారు. ఒక్కొక్కటి రోజుకు 16 గంటల పాటు ఉత్తరార్ధగోళం మీద ఉండేది. అందువల్ల అమెరికాలో అవి దాదాపు నెత్తిమీద కనపడేవి, చెట్లూ మేడలూ తక్కువ అడ్డం వచ్చేవి.

తరంగాన్ని కూడా మర చుట్టులాగా తిప్పుతూ పంపారు. కారు ఎటు తిరిగినా యాంటెన్నాకు అది ఒకటే. పౌనఃపున్యం 2.3 గిగాహెర్ట్జ్, అంటే తరంగం పొడవు సుమారు 13 సెంటీమీటర్లు. విజయవాడ కేంద్రపు 358 మీటర్లతో పోల్చి చూడండి. తరంగం జానెడు కన్నా చిన్నది కాబట్టి యాంటెన్నా పింగాణీ బిళ్ళలో ఇమిడిపోయింది.

ఇందులో నాకు ముచ్చట గొలిపే విషయం ఒకటుంది. అలాంటి బిళ్ళ ఒంటరిగా పనిచేయదు. దాని కింద వెడల్పుగా లోహపు పళ్ళెం ఒకటి ఉండాలి. అప్పుడే దాని చూపు పైకి మళ్ళుతుంది. ఆ పళ్ళెం మరేదో కాదు, కారు రేకు కప్పే! 1935లో రేడియోను తరిమేసిన ఉక్కు కప్పే 2001లో ఉపగ్రహ రేడియోకు సగం యాంటెన్నా అయింది.

ఎక్స్‌ఎం సర్వీసు 2001 సెప్టెంబరు 25న డల్లాస్, శాన్ డియేగో నగరాలలో మొదలై, నవంబరులో దేశమంతటికీ వ్యాపించింది. సిరియస్ 2002 ఫిబ్రవరి 14న కొన్ని నగరాలలో, జూలైలో దేశమంతటా మొదలైంది. ఎత్తైన మేడలున్న నగరాలలో ఉపగ్రహం మరుగైపోతుందని నేల మీద రిపీటర్లు నెలకొల్పారు. ఎక్స్‌ఎం వారివి వందల సంఖ్యలో ఉండేవి. రిపీటరు అంటే మనకు కొత్త కాదు. కొండ అడ్డం వస్తే కొండ మీదే ఒక స్టేషను కట్టిన సంగతి మన సర్వీసు వాళ్ళందరికీ తెలుసు.

డల్లాస్‌లో మేము బిగించిన వైనం

2004 వేసవిలో మా అమ్మాయి దగ్గరకు డల్లాస్ వెళ్ళాము. అల్లుడు గారిని కంపెనీ వారు ఒక పని మీద హ్యూస్టన్‌కు వేశారు. ఆదివారం రాత్రి వెళ్ళి శుక్రవారం రాత్రి రావడం. దూరం సుమారు 240 మైళ్ళు. కారులో ఒక్కరే. ఆయన ఉపగ్రహ రేడియో కొనుక్కొచ్చారు. నేను ముందు సరదా అనుకున్నాను.

"పాటల కోసం కాదండీ మామయ్య గారూ," అన్నారాయన. "కోర్సికానా దాటాక డల్లాస్ స్టేషన్లు పోతాయి. హంట్స్‌విల్ దగ్గరకొస్తే గాని హ్యూస్టన్‌వి కుదురుగా రావు. నడుమ ఆ గుయ్యిమనే చప్పుడుకు కన్ను మూతపడుతోంది. ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉంటే చాలు."

మా అమ్మాయి పక్కనే ఉంది. "ఆయన ఇంటికి చేరేదాకా నాకు నిద్ర ఉండదు నాన్నా," అంది. అప్పుడు నాకు విషయం అర్థమైంది. ఆ యాంటెన్నా సరిగా కుదరడం మా ఇంటికి ఎంత అవసరమో తెలిసింది.

కారు సామాన్లు అమ్మే ఒక దుకాణంలో, యాంటెన్నాను లోపల డ్యాష్‌బోర్డు మీద అంటించి పది నిమిషాల్లో ఇచ్చేస్తామన్నారు. అల్లుడు గారికీ అదే నచ్చింది, బయట రంగు మీద గీత పడదని. నేను ఒప్పుకోలేదు. డ్యాష్‌బోర్డు కింద ప్లాస్టిక్కు, పైన కప్పు సగం ఆకాశాన్ని మూసేస్తుంది. పైగా వేడి రాకుండా అద్దానికి లోహపు పూత ఉంటే అది తరంగాన్ని అడ్డుకుంటుంది.

"చెప్పడం దేనికి అల్లుడు గారూ, కొలిచి చూద్దాం," అన్నాను.

ఆ రేడియో తెర మీద సిగ్నలు బలాన్ని గీతల్లో చూపించే ఏర్పాటు ఉంది. ఉపగ్రహానిది ఒకటి, నేల రిపీటరుది ఒకటి. చందా కట్టక ముందు కూడా ఒకటో నంబరు చానలు పరిచయ ప్రసారంగా వచ్చేది. సున్నా నంబరు చానలు పెడితే రేడియో గుర్తింపు సంఖ్య కనపడేది. కాబట్టి బిగించక ముందే పరీక్ష చేసుకోవచ్చు. కారు ఎండలో, చెట్లకు దూరంగా నిలిపాము. డ్యాష్‌బోర్డు మీద పెడితే ఉపగ్రహం గీతలు ఒకటీ రెండూ. కారు ముక్కు ఉత్తరానికి తిప్పితే అవీ లేవు. కప్పు మీద పెట్టగానే ఎటు తిప్పినా నిండుగా వచ్చాయి. డల్లాస్ నుంచి చూస్తే ఆ రెండు ఉపగ్రహాలూ దక్షిణపు ఆకాశంలో, 47 నుంచి 50 డిగ్రీల ఎత్తులో ఉండేవి. ముక్కు ఉత్తరానికి ఉంటే కప్పు వాటికి అడ్డం. ఇంక వాదం లేకపోయింది.

ఆ రోజు మేము పాటించిన వరస రాస్తున్నాను. ఇలాంటి యాంటెన్నా ఏది పెట్టుకునేవారికైనా పనికివస్తుంది.

మొదటిది, చోటు. కప్పు మీద, చుట్టూ కనీసం మూడు నాలుగు అంగుళాల రేకు ఉండేలా పెట్టాలి. అంచు మీద పెడితే కింద పళ్ళెం సగమే ఉన్నట్లు. సామాన్ల కమ్మీలు, వేరే యాంటెన్నాలు ఉంటే వాటికి జానెడు, వీలైతే మూరెడు దూరం. మాది డిక్కీ కారు కాబట్టి కప్పు వెనక భాగంలో, నడిమధ్య, వెనక అద్దానికి నాలుగంగుళాల ముందుకు పెట్టాము. గుడ్డ కప్పు కార్లకు డిక్కీ మూత మీద పెడతారు. ఫైబరు కప్పు అయితే అయస్కాంతం అంటుకోదు, రేకు పళ్ళెమూ ఉండదు. కింద ఒక రేకు ముక్క అమర్చవలసిందే.

రెండోది, శుభ్రం. అయస్కాంతం కింద ఇసుక రేణువు ఉంటే అదే రంగును గీస్తుంది. ఆ చోటును తడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చాము. అల్లుడు గారి భయం అక్కడితో తీరింది. బ్రష్షులు తిరిగే కారు వాషింగుకు వెళ్ళేటప్పుడు మాత్రం బిళ్ళను తీసి డిక్కీలో వేసుకోవాలి.

మూడోది, కేబులు. సుమారు ఇరవై అడుగులు ఉంది. మిగిలింది కదా అని కత్తిరించడం, అతుకు వేయడం పనికిరాదు. బిళ్ళలోనే చిన్న యాంప్లిఫయరు ఉంటుంది. దానికి కరెంటు వెళ్ళేదీ, సిగ్నలు వచ్చేదీ ఆ ఒక్క కేబులులోనే. వెనక అద్దం చుట్టూ ఉన్న రబ్బరు అంచు కింద దాన్ని దూర్చి, డిక్కీ మూత మూలకు దించాము. లోపలికి పోయే ముందు కేబులును కొంచెం కిందికి వేలాడేలా వంపు తిప్పాము. వాన నీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది, లోపలికి పాకదు. టవరు మీంచి గదిలోకి కేబులు దించేటప్పుడు మనం చేసేది ఇదే.

నాలుగోది, లోపలి దారి. డిక్కీ నుంచి వెనక సీటు కింద, తలుపు గడప దగ్గరి ప్లాస్టిక్కు పట్టీ కింద నడిపి ముందుకు తెచ్చాము. ముందు అద్దం పక్క స్తంభంలో గాలి సంచి ఉండే కార్లున్నాయి. ప్రమాదం జరిగితే అది విప్పుకోవాలి. దాని మీదుగా కేబులు లాగకూడదు. మిగిలిన కేబులును పళ్ళెమంత చుట్టగా చుట్టి సీటు కింద కట్టాము. మడతపెట్టి నలిపితే లోపలి తీగ దెబ్బతింటుంది.

రేడియో నుంచి కారు స్పీకర్లకు మాట చేరడానికి టేపురికార్డరులో పెట్టే క్యాసెట్టు అడాప్టరు వాడాము. మొత్తం పని పూర్తి కావడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. మా ఆవిడ నాలుగుసార్లు టీ తెచ్చి, "రిటైరైనా టవరు డ్యూటీ తప్పలేదు మీకు," అని నవ్వింది.

సాయంత్రం పరీక్షకు బయలుదేరాము. అప్పటికి డల్లాస్‌లో హై ఫైవ్ అని ఐదంతస్తుల రోడ్ల కూడలి కడుతున్నారు. ఆ వంతెనల కింద దూరినా మాట తెగలేదు. కారణం ఉంది. ఎక్స్‌ఎం వారు ఒకే కార్యక్రమాన్ని రెండు ఉపగ్రహాల నుంచీ పంపేవారు, ఒకటి ఇంకొకదానికన్నా నాలుగు సెకన్లు వెనకగా. వంతెన కింద ఇప్పటి మాట పోయినా, బయటికి వచ్చాక రెండో ఉపగ్రహం అదే మాట మళ్ళీ అందిస్తుంది. రేడియో ఆ రెండింటినీ కలిపి కుట్టి వినిపిస్తుంది. గంటకు 65 మైళ్ళ వేగంతో పోయే కారు నాలుగు సెకన్లలో సుమారు 116 మీటర్లు పోతుంది. మామూలు వంతెన దాటడానికి అది చాలు.

ఆ శుక్రవారం రాత్రి అల్లుడు గారు ఇంటికి వచ్చి, దారి పొడవునా వార్తలు, బేస్‌బాల్ ముచ్చట్లు వింటూ వచ్చానన్నారు. బేస్‌బాల్ నాకు తెలియదు. ఆయన కళ్ళు మాత్రం ఎర్రగా లేవు. ఆ రోజుల్లో దానికి నెలకు 9.99 డాలర్లు. దాని విలువ మా అమ్మాయికి తెలుసు.

మన ఆగ్నేయ మూలలోకి వచ్చిన రేడియో

ఇప్పుడు మన దేశం సంగతి. అమెరికాలో ఎక్స్‌ఎం మొదలు కావడానికి ముందే ఉపగ్రహ రేడియో మన దాకా వచ్చింది. ఆడిస్ అబాబాలో పుట్టిన నోవా సమారా 1990లో వరల్డ్‌స్పేస్ సంస్థను స్థాపించారు. ఆఫ్రికా, ఆసియా దేశాలలో సమాచారం అందని జనానికి ఆకాశం నుంచి రేడియో అందించాలన్నది ఆయన సంకల్పం. అఫ్రీస్టార్ ఉపగ్రహం 1998 అక్టోబరు 28న, ఆసియాస్టార్ 2000 మార్చి 21న ఎగిరాయి. ఎక్స్‌ఎం తొలినాళ్ళలో వరల్డ్‌స్పేస్ పెట్టుబడి కూడా ఉంది. ఒక విధంగా అవి దాయాదులే.

మన దేశంలో బెంగుళూరు కేంద్రంగా ఆ సర్వీసు నడిచింది. ఏ.ఆర్. రహమాన్ దానికి ప్రచారకర్త. తెలుగు పాటలకు స్పందన అనే చానలు ప్రత్యేకంగా ఉండేది. ప్రకటనల గోల లేకుండా పాత పాటలు, కొత్త పాటలు స్వచ్ఛంగా వినిపించేవి. మా ఫ్లాటులో కూడా ఆ సెట్టు ఉండేది. దాని యాంటెన్నా చిన్న పలకలాగా ఉంటుంది. ఆసియాస్టార్ 105 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నిలిచేది. హైదరాబాదు నుంచి లెక్క కడితే తూర్పు ఆగ్నేయంగా, సుమారు 53 డిగ్రీల ఎత్తులో. ఆ దిక్కున మాకు ఉన్న కిటికీ వాస్తు ప్రకారం కట్టిన వంటింటి కిటికీ ఒక్కటే. కాబట్టి పలక అక్కడే కూర్చుంది. ఆగ్నేయ మూలలో అగ్నిహోత్రుడితోపాటు ఘంటసాల గారు కూడా వెలిశారని మా బంధువులు హాస్యమాడేవారు. మా ఆవిడ మాత్రం పోపు వేస్తూ రేడియో వింటున్నాననీ, కిటికీ దగ్గర ఎవరూ నిలబడి అడ్డం రావద్దనీ హెచ్చరించేది.

ఆ హెచ్చరికలోనే వరల్డ్‌స్పేస్ కథంతా ఉంది. పలక గురి చూడాలి, గురి చూసిన దారిలో ఏదీ అడ్డం రాకూడదు. ఇంట్లో అది కుదురుతుంది. రోడ్డు మీద పోయే కారులో కుదరదు. ఒక మలుపు తిరిగితే ఉపగ్రహం వెనక్కి పోతుంది, ఒక వేపచెట్టు అడ్డం వస్తే పాట ఆగుతుంది. ఎక్స్‌ఎంకు ఉన్నట్లుగా నాలుగు సెకన్ల ఆసరా ఇచ్చే రెండో ఉపగ్రహం లేదు. మన నగరాలలో నేల రిపీటర్లు లేవు. మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2005లో ఉపగ్రహ రేడియో గురించి సిఫార్సులు చేసింది గాని, కార్లలో వినిపించే ఏర్పాటు మన రోడ్ల మీదికి రాలేదు.

అక్కడ అమెరికాలో ఏం జరిగిందో చూడండి. జనరల్ మోటార్స్ ఎక్స్‌ఎంలో పెట్టుబడి పెట్టి, 2001 చివర్లోనే క్యాడిలాక్ కార్లలో ఫ్యాక్టరీలోనే ఆ రేడియో బిగించి అమ్మింది. కప్పు మీద యాంటెన్నా కారుతోపాటే వచ్చింది. 2003 ముగిసేసరికి ఎక్స్‌ఎం చందాదారులు 13 లక్షలు దాటారు. మనిషి రోజూ కారులో ఒంటరిగా కూర్చునే దేశంలో కారులోకి ఎక్కిన రేడియోకు చందా కట్టారు. వరల్డ్‌స్పేస్ చందాదారుల్లో అత్యధికులు మన దేశం వారే అయినా, ఆ సంఖ్య రెండు ఉపగ్రహాల ఖర్చు మోయలేకపోయింది. అప్పులు పెరిగాయి. ఇక్కడ 2006లో హైదరాబాదులో ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్లు ఉచితంగా పాటలు వేయడం మొదలుపెట్టాయి. కార్లలో, ఆటోలలో, సెల్‌ఫోన్లలో కూడా వినపడ్డాయి. 2008 అక్టోబరులో వరల్డ్‌స్పేస్ అమెరికా కోర్టులో దివాలా రక్షణ కోరింది. మన దేశంలో సర్వీసు 2009 డిసెంబరు 31తో ముగిసింది.

ఒక్క యాంటెన్నా వల్లే ఆ సంస్థ మూతపడిందని నేను చెప్పను. సెట్టు ధర, చందా, అప్పులు, పోటీ అన్నీ ఉన్నాయి. కానీ రేడియోను ఇంటి కిటికీకి కట్టి ఉంచింది మాత్రం ఆ పలకే. ఇంట్లో టీవీతో పోటీ పడి నెగ్గడం ఏ రేడియోకైనా కష్టం. రేడియోకు మిగిలిన రాజ్యం ప్రయాణం. ఆ రాజ్యంలోకి వెళ్ళే తలుపు కారు కప్పు మీద ఉంది. స్పందన ఆ తలుపు దాకా రాలేకపోయింది. మన ఊళ్ళ మధ్య రాత్రిపూట లారీ నడిపే డ్రైవరుకు, పండక్కి కుటుంబంతో కారులో బయలుదేరినవాళ్ళకు, దారి పొడవునా ఒకే తెలుగు స్టేషను తెగకుండా వినపడే రోజు ఆ విధంగా రాకుండానే పోయింది.

ఇప్పటి సంగతి

ఎక్స్‌ఎం, సిరియస్ 2008 జూలైలో ఒకటయ్యాయి. కొత్త కార్లలో యాంటెన్నా సొరచేప రెక్కలోకి చేరింది. ఒకే రెక్కలో ఉపగ్రహ రేడియో, దారి చూపే జీపీఎస్, సెల్‌ఫోను యాంటెన్నాలు కాపురం ఉంటాయి. తెలుగు పాటలకైతే మన పిల్లలు ఇంటర్నెట్టు ద్వారా ఫోనులోంచే వింటున్నారు. దేశం ఏదైనా, హైవే ఏదైనా ఘంటసాల, సుశీల వినపడుతూనే ఉన్నారు, సెల్ టవరు అందినంత మేర. టవరు అందని చోట ఉపగ్రహమే దిక్కు.

పెన్షనరు మిత్రులకు ఒక్క మాట. మీరు పిల్లల దగ్గరకు అమెరికా వెళ్ళినప్పుడు, కారులో ఉపగ్రహ రేడియో తరచు ఆగిపోతోందని వాళ్ళు విసుక్కుంటే, సెట్టు మార్చే ముందు కప్పు మీద చూడమనండి. సామాన్ల పెట్టె ఏదైనా యాంటెన్నా పక్కన కట్టారేమో, మంచు పేరుకుందేమో, విడిగా పెట్టిన బిళ్ళ అయితే అంచుకు జరిగిందేమో, కేబులు తలుపులో నలిగిందేమో. నూటికి ఎక్కువ సార్లు చిక్కు అక్కడే దొరుకుతుంది. మన సర్వీసులో నేర్చుకున్న మొదటి పాఠం కూడా అదే కదా: పరికరాన్ని అనుమానించే ముందు యాంటెన్నానూ, కేబులునూ చూడు.

మన సభ్యుల పిల్లలు రోడ్ల మీద క్షేమంగా తిరగాలనీ, రాత్రి ప్రయాణాల్లో వాళ్ళ పక్కన ఏదో ఒక గొంతు పలుకుతూ ఉండాలనీ కోరుకుంటూ, సెలవు.